ఆలస్యంగా పడ్డ మూడో దెబ్బ

గుమ్మఘట్ట,
4 మే 2003.

తమ్ముడు జయరాంకు,

ఇక్కడ మేమంతా క్షేమం. ఎండకు సగం మాడిపోయాం గానీ మిగతా సగం క్షేమమే. నువ్వు పంపిన కొత్త క్యాసెట్టు అందింది. టేపు రికార్డర్లో వేసి సౌండు పెంచానో లేదో, మీ వదిన గంగాదేవి పరుగున వచ్చి తలుపులు మూసింది. "ఈ అరుపులేంది? వీధిలో వాళ్ళు మనింట్లో ఎవురో పోయినారనుకుంటారు" అంది. అది ప్రోగ్రెసివ్ మెటల్ అని చెప్పాను. "ఏ మెటలైతే ఏం, నా చెవుల్లో పోస్తాండావు" అంది. మీ గ్రానైట్ అవర్ బ్యాండుకు మా ఇంట్లో దక్కిన గౌరవం ఇదీ.

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. పోయినసారి పంపిన దానికంటే ఇది వేగంగా ఉంది. నీ డ్రమ్ములు ఎక్కడా తడబడలేదు. ఏడు లెక్కలోంచి అయిదులోకి, మళ్ళీ ఏడులోకి పోయేచోట నేను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఓడిపోయాను. నాకున్నవి ఎనిమిదే కదా!

కానీ ఒరే, ఇందులో ఎక్కడా ఖాళీ లేదు. ఎవరో తరుముకొస్తున్నట్టు వాయించావు. మన బోరు రిగ్గు మీద ఆపరేటరు చెన్నప్పన్న అనేవాడు గుర్తుందా, "సద్దు మారకపోతే కిందికి దిగతాండలేదని లెక్కప్పా" అని. నీ సద్దు మారడం లేదు.

రాయదుర్గంలో క్యాసెట్ల షాపు పెట్టిన భరత్‌కుమార్ నీకు తెలుసో లేదో. మీ బ్యాండంటే అతనికి పిచ్చి. నాలుగేళ్ళ కిందట వచ్చిన మీ మొదటి క్యాసెట్టు ముందు తర్వాతవి ఎందుకూ పనికిరావంటాడు. అది నేను వినలేదంటే నవ్వాడు. "జయరాం నీ స్నేహితుడంటావు, అదే వినలేదా అన్నా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండోది, మూడోది పంపినవాడివి మొదటిది ఎందుకు పంపలేదు?

ఇంకో సంగతి. మన పాత యజమాని బదరీనారాయణ శెట్టి కొత్త బోరు రిగ్గు కొన్నాడు. జూలై పదిన పూజ. లివరు పట్టే ఆపరేటరు కావాలంటే పోయి అడిగాను. "నీ పనితనం నాకు తెలీదా ఆదెప్పా? కానీ మూడు కొట్టనోన్ని ఎక్కిస్తే తక్కినోళ్ళు రిగ్గు దిగిపోతారప్పా" అన్నాడు.

అయిదేళ్ళయినా ఆ మాట చావలేదు. కంప్రెసర్ హోరులో మాట వినపడదనే కదా పానాతో పైపు మీద కొట్టేది. ఒకటి కొడితే తిప్పు, మూడు కొడితే ఆపు. ఆ రోజు నా చెయ్యి చిక్కుకున్నప్పుడు నేను ఆ మూడు కొట్టలేదట, నా వేళ్ళు నేనే పోగొట్టుకున్నానట. కొట్టానో లేదో నాకే గుర్తులేదు. లివరు దగ్గరున్నది నువ్వు. ఏమీ వినపడలేదన్నావు. నువ్వన్నాక నేనూ నమ్మాను. ఊళ్ళో పంక్చర్లు వేసుకుంటూ బతుకుతున్నాను, కానీ రిగ్గు హోరు దూరంగా వినపడితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది.

మొదటి క్యాసెట్టు పంపు.

నీ అన్న
ఆదెప్ప


బెంగళూరు,
16 మే 2003.

ఆదెప్పన్నకు,

నీ ఉత్తరం మా బ్యాండు వాళ్ళకు చదివి వినిపించాను. ఎనిమిది వేళ్ళ దగ్గర అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మొదటి క్యాసెట్టు సంగతి ఏం చెప్పను. అప్పటికి మాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. వాయించడం తెలియక, ఆపడం తెలియక చేసిన పని అది. లెక్కలు కుదరవు, డ్రమ్ము ఒకచోట ముందుంటే గిటారు ఇంకోచోట వెనకుంటుంది. జనం దాన్నే పట్టుకుని వేలాడుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు చెవికి టక్ టక్ అని లెక్క పెట్టుకుని వాయిస్తున్నాం. వెంట్రుకవాసి తేడా రాదు. సంగీతం ఎదగడమంటే అదే కదా అన్నా. నువ్వు ఖాళీ లేదన్నావు. ఖాళీ ఎందుకు చెప్పు?

ఆ క్యాసెట్లు ఎప్పుడో అయిపోయాయి. నా దగ్గర కూడా ఒక్కటి లేదు. అయితే దాన్నే శుభ్రం చేసి ఈ నెలలో సీడీగా వేస్తున్నాం. రాగానే మొదటి సీడీ నీకే పంపుతాను. అదీ ఇదీ ఒకటే, దుమ్ము దులిపామంతే.

శెట్టి గడప మళ్ళీ ఎందుకు తొక్కావన్నా? నిన్ను అన్ని మాటలన్నవాడు. రిగ్గు మీద ఏముంది, దుమ్మూ హోరూ. ఇక్కడికి వచ్చెయ్యి. మేం సాధన చేసే గోడౌను ఓనరుకు వాచ్‌మన్ కావాలట. నేను చెబితే కాదనడు. వదినను కూడా తీసుకురా. జూలై పది సంగతి మరిచిపో.

నీ తమ్ముడు
జయరాం


గుమ్మఘట్ట,
9 జూన్ 2003.

జయరాంకు,

సీడీ అందింది. మా ఇంట్లో సీడీ తిరిగే మిషను లేదు కాబట్టి రాయదుర్గం పోయి భరత్‌కుమార్ షాపులో పెట్టించుకున్నాను. పద్నాలుగు నిమిషాల పాట ఒకటుందే, 'ఫోర్ హండ్రెడ్ ఫార్టీ ఫీట్' అని. పేరుకు అర్థం అతనే చెప్పాడు. నాలుగు వందల నలభై అడుగులు. ఈరప్ప చేనులో మనం వేసిన ఆఖరి బోరు అది. నా చెయ్యి పోయి పని ఆగింది సరిగ్గా ఆ లోతులో. నా తమ్ముడు నన్ను మరిచిపోలేదు, నా పేరున పాట కట్టాడు అనుకున్నాను. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను కూడా. భరత్‌కుమార్ టీ తెప్పించాడు.

పాట మొదట్లో కంప్రెసర్ దగ్గుతూ స్టార్టవుతుంది. అది మన కంప్రెసరే. ఆ దగ్గు నిద్రలో విన్నా గుర్తుపడతాను. ఆ రోజుల్లో నువ్వు చిన్న రికార్డరు మెడకు తగిలించుకుని వినపడిన చప్పుడల్లా టేపు మీదికి ఎక్కించేవాడివి. నేను ఎగతాళి చేసేవాణ్ణి. అదంతా గుర్తొచ్చి సంతోషపడ్డాను.

అప్పుడు భరత్‌కుమార్ అన్నాడు, "ఇది అసలుది గాదన్నా. ఏదో పీకేసినారు. పాతది మా బళ్ళారి చిన్నాయన దగ్గర ఉండాది, తెప్పిస్తా" అని. నిన్న తెప్పించాడు. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాం. ఇది కొంచెం, అది కొంచెం.

నువ్వు దుమ్ము దులిపామన్నావు. ఆరో నిమిషం దాటాక సీడీలో కంప్రెసర్ హోరు మెల్లగా తగ్గి గిటారు అందుకుంటుంది. క్యాసెట్టులో అలా లేదు. రాడ్డు తిరుగుతూ పైపుకు తగిలే చప్పుడు మీద ఎవరో ఇనుముతో ఇనుమును మూడుసార్లు కొట్టారు. మధ్యలో రాడ్డు అలాగే తిరుగుతూ ఉంటుంది. మళ్ళీ మూడు దెబ్బలు. అప్పుడు డ్రమ్ములు వస్తాయి, పదకొండు లెక్కలో. ఆ పదకొండుకే మీ బ్యాండుకు పేరొచ్చిందని భరత్‌కుమార్ చెప్పాడు.

ఆ చోటు తొమ్మిదిసార్లు వేయించుకున్నాను. షాపుకు వచ్చినవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోయారు.

ఆ మూడు దెబ్బలు ఎవరివి? సీడీలో ఎందుకు లేవు?

ఆదెప్ప


బెంగళూరు,
18 జూన్ 2003.

అన్నకు,

నువ్వు ఏదేదో ఊహించుకుంటున్నావు. నీ మీద ఒట్టు, ఆ దెబ్బలు స్టూడియోలో నేను కొట్టినవి. కంప్రెసర్ చప్పుడు మాత్రం మన రిగ్గుదే, వేరే ఏదో రోజున తీసింది. దాని మీద ఏదన్నా ఉంటే బాగుంటుందని ఇనుప పైపు ఒకటి తెచ్చి వేలాడదీసి సుత్తితో వాయించాను. రిగ్గు గుర్తుగా మూడు కొట్టాను. అంతే.

సీడీలో తీసేయమన్నది ఇంజనీరు. లెక్కలో పడలేదన్నాడు. పాతవన్నీ ఇలాగే తప్పులతడకలని నీకు ముందే చెప్పాను. కావాలంటే మూడో క్యాసెట్టు మళ్ళీ విను. అందులో ఒక్క దెబ్బ తప్పు చూపించు.

అన్నా, నాకిక్కడ వచ్చే నెల పెద్ద ప్రోగ్రాం ఉంది. మనసు చెదిరితే చేతులు ఆడవు. ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి. వాచ్‌మన్ పని గురించి గోడౌను ఓనరుతో మాట్లాడాను. ఎప్పుడొస్తావో రాయి.

జయరాం


గుమ్మఘట్ట,
25 జూన్ 2003.

జయరాం గారికి,

మీరు స్టూడియోలో పైపు వేలాడదీసి సుత్తితో వాయించారు. సరే. మీది ఏ చెయ్యి వాటం?

నాది పుర్రచెయ్యి. పానా బరువుకు నా మణికట్టు రెండు దెబ్బలకే అలిసిపోయి, మూడోది ఎప్పుడూ ఆలస్యంగా పడుతుంది. దాని కోసం చెన్నప్పన్న దగ్గర ఎన్ని తిట్లు తిన్నానో మీరూ విన్నారు. "ఏమప్పా, మూడోది యాడికి పోయింది, సంతకా?" అనేవాడు. మీరు పక్కనుండి నవ్వేవారు.

మొన్న భరత్‌కుమార్ షాపు వెనక కేసింగ్ పైపు ముక్క ఒకటి పాతించి, ఎడమచేత్తో పానా పట్టుకుని కొట్టాను. అతను నా దెబ్బలను టేపులో ఎక్కించి మీ క్యాసెట్టు పక్కన పెట్టి వినిపించాడు. రెంటిలోనూ మూడోది అంతే ఆలస్యంగా పడింది. అతను షాపు షట్టరు సగానికి దించాడు.

మీరు వెంట్రుకవాసి తేడా రాకుండా వాయిస్తారు. మీ రెండో క్యాసెట్టు, మూడో క్యాసెట్టు మళ్ళీ విన్నాను. వాటిలో ఎన్నో లెక్కలున్నాయి గానీ వరసగా మూడు దెబ్బలు కొట్టి ఆగిన చోటు ఒక్కటి లేదు. మూడు రాబోతుందనగానే నాలుగోది వేసి పారిపోతారు. ఖాళీ ఎందుకని అడిగారు కదా. మీరు దేన్ని చూసి పరుగెత్తుతున్నారో నాకిప్పుడు తెలిసింది.

నేను కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు కొట్టాను. అయిదేళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటూ బతికాను. పెళ్ళాం ముందు, ఊరి ముందు తలవంచుకుని, కొట్టలేదేమో, మరిచిపోయానేమో అనుకుంటూ బతికాను. మీరు నాకు క్యాసెట్లు పంపుతూ కూర్చున్నారు.

ఈ క్యాసెట్టు శెట్టి దగ్గరికి తీసుకుపోతే అది పాట అంటాడు. పాటలో దెబ్బలుంటాయి అంటాడు. అసలు టేపు కావాలి. ఆ రోజు మొదలు నుంచి చివరి దాకా ఉన్నది. దానితో పాటు మీ చేతిరాత కావాలి. పదిహేను రోజుల్లో పూజ. నాకు మీ వాచ్‌మన్ ఉద్యోగం అక్కర్లేదు. నా మూడు దెబ్బలు నాకు పంపండి.

ఇట్లు
ఆదెప్ప


బెంగళూరు,
3 జూలై 2003.

ఆదెప్పన్నా,

నన్ను మీరు అని రాయొద్దు. నువ్వు కొట్టినా పడతాను, అది మాత్రం వద్దు.

అవి నీ దెబ్బలే.

ఆ రోజు చెన్నప్పన్న అన్నానికి పోతూ లివరు నాకిచ్చాడు. రికార్డరు నా మెడలో ఉంది, ఇయర్‌ఫోన్లు చెవుల్లో ఉన్నాయి. నువ్వు బోరు మూతి దగ్గర కూర్చుని, తేమ తగులుతుందేమోనని రాతిపొడి చేతిలోకి తీసి చూస్తున్నావు. నీ కుడి మణికట్టుకు చుట్టుకున్న గుడ్డ తిరిగే రాడ్డుకు చిక్కుకోవడం నేను చూడలేదు. నా చూపు రికార్డరు ముల్లు మీద ఉంది.

కానీ విన్నాను. ఇయర్‌ఫోన్లలో ఇంత స్పష్టంగా వినపడింది. రాడ్డు ఒక లెక్కలో తిరుగుతోంది, నీ మూడు దెబ్బలు దానికి అడ్డంగా వచ్చి పడ్డాయి. మూడోది ఆలస్యం. అబ్బ, ఎంత బాగుందిరా అనుకున్నాను. అన్నా, నేననుకున్నది అదే. మూడంటే ఆపమని నా చేతికి తెలుసు, కానీ ఆ క్షణం నా చెవి చేతిని పట్టుకుంది. మళ్ళీ కొడతాడేమో, టేపులో పడుతుందని కాచుకున్నాను. రాడ్డు పదకొండుసార్లు పైపుకు తగిలింది. నువ్వు మళ్ళీ మూడు కొట్టావు. అప్పుడు తలెత్తి చూసి లివరు లాగాను.

ఆ పదకొండే మా పాట.

నీకు స్పృహ లేదు. అందరూ పరుగెత్తుకొచ్చారు. "మూడు కొట్టినాడా?" అని చెన్నప్పన్న నా భుజాలు పట్టుకుని ఊపాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. నోట్లోంచి "ఏమీ వినపళ్ళేదన్నా" అని వచ్చేసింది. ఒకసారి వచ్చాక మళ్ళీ లోపలికి పోలేదు. వారం తిరక్కుండా బెంగళూరు వచ్చేశాను. టేపు చెరిపేద్దామని ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను. చెరపలేదు. ఒకరోజు బ్యాండు వాళ్ళు విని, ఇది ఎవరు వాయించారని అడిగారు. నేనేనన్నాను. అది రెండో అబద్ధం. జనం దానికి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ నేను స్టేజీ వెనక్కి పోయేవాణ్ణి. అందుకే తర్వాతవన్నీ సున్నంలా తెల్లగా, శుభ్రంగా చేశాను. సీడీలోంచి తీయించింది కూడా ఇంజనీరు కాదు, నేనే. జూలై పది సంగతి నువ్వు రాశాక మరీ భయమేసింది.

అసలు టేపు బస్సు పార్సిల్లో భరత్‌కుమార్ షాపు పేరున పంపాను. శెట్టిగారికి ఉత్తరం అందులోనే ఉంది. ఎవరు లివరు దగ్గర ఉన్నారో, ఏం విన్నారో, ఏం అబద్ధమాడారో అన్నీ రాసి సంతకం పెట్టాను. నిన్న బ్యాండు వాళ్ళకు కూడా చెప్పాను. గిటారు వాడు లేచి బయటికి పోయాడు.

నేనే వచ్చి అందరి ముందూ చెప్పాలి. రెండుసార్లు బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. నీ చెయ్యి చూసే ధైర్యం లేదు.

నీ
జయరాం


గుమ్మఘట్ట,
21 జూలై 2003.

ఒరే జయరామూ,

టేపు ఏడో తేదీన అందింది. ఎనిమిదిన శెట్టిని, చెన్నప్పన్నను, పాత రిగ్గు వాళ్ళు ఆరుగురిని భరత్‌కుమార్ షాపుకు పిలిపించాను. గంగాదేవి తనూ వస్తానంది, తీసుకుపోయాను. భరత్‌కుమార్ సినిమా పాటలన్నీ ఆపేసి నీ టేపు పెట్టాడు.

కంప్రెసర్ స్టార్టయింది. చెన్నప్పన్న గొంతు వినపడింది, "అన్నం తిని వస్తా, జాగ్రత్తప్పా" అని. ఆయన తన గొంతు తానే విని ఉలిక్కిపడ్డాడు. తర్వాత చాలాసేపు హోరు. ఒకటి, రెండు, మూడు. చెన్నప్పన్న కుర్చీలోంచి లేచాడు. "మూడోది ఆలస్యం. ఇది ఆదెప్ప చెయ్యే. ఈ మూడోదానికి వీన్ని ఎన్నిసార్లు తిట్టినానో" అన్నాడు. ఆ తర్వాతి మూడూ పడ్డాక నా కేక ఉంది. నీ పాటలో అది లేదు గనక నేనూ అదే మొదటిసారి వినడం. గంగాదేవి లేచి పోయి టేపు ఆపేసింది.

నీ ఉత్తరం శెట్టి తనే చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎల్లుండి పూజకు టెంకాయ నువ్వే కొట్టాలప్పా" అన్నాడు. పాత రిగ్గు వాళ్ళలో ఇద్దరు నా ముఖం చూడలేక బయట బీడీలు ముట్టించుకున్నారు. ఇంటికొచ్చాక గంగాదేవి నా కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "అయిదేండ్లు" అని ఒక్క మాట అంది.

నువ్వు రాలేదు. టేపు శెట్టికి చాలింది, నాకు చాలలేదు. నీ మీద కోపం ఉంది. ఎప్పుడు పోతుందో తెలీదు, పోతుందని మాట ఇవ్వను. కానీ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

పాత సంగీతం, కొత్త సంగీతం ఏది మేలని వాదించుకున్నాం కదా మొదట్లో. ఇప్పుడు చెబుతున్నాను. పాతది బాగుంది. అది బాగుండటమే నాకు కడుపు మంట. కొత్తవాటిలో తప్పు లేదు, నువ్వూ లేవు. సీడీలో నా దెబ్బలు తిరిగి పెట్టించు. నా పేరు వేయకపోయినా పరవాలేదు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఆ పాట ఎక్కడ వాయించినా మొదటి మూడు దెబ్బల తర్వాత అందరూ చేతులెత్తి ఆగండి. ఆ పదకొండు లెక్కలూ ఎవరూ ఏమీ వాయించొద్దు. జనం ఏమనుకున్నా సరే. అది ఆపాల్సిన చోటు.

రిగ్గు పదకొండో తేదీన పని మొదలుపెట్టింది. సోమందేపల్లె దగ్గర మొదటి బోరు. లివరు నాది. బోరు మూతి దగ్గర కుళ్ళాయప్ప అని ఒకాయన, నాకంటే పెద్దవాడు, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండు వందల అడుగులు దాటాక, అంతా బాగా సాగుతున్నప్పుడు, పైపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. మూడోది మోగేలోపే లివరు లాగేశాను. కంప్రెసర్ తప్ప అంతా ఆగిపోయింది. దూకి పరుగెత్తుకుపోయి చూస్తే ఆయన రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి. రాడ్డుకు ఏమీ కాలేదు.

"ఎందుకు కొట్టినావన్నా?" అని అరిచాను.

"ఊరికే" అన్నాడు. "ఆపుతావో లేదో చూద్దామని కొట్టినా. పో, ఇంక తిప్పుకో."

పోయి తిప్పాను.

ఆదెప్ప